ఒక టేబుల్, మూడు కుర్చీలు, కార్బన్ పేపర్లు

(కడపలో ఒక సేవాసంస్థ కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకున్న సభలో విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈరోజు ప్రమాణం చేసిన కొత్త కార్యవర్గానికి, వెనక వరుసలో కూర్చుని అప్పుడే భోజనాల హాలు వైపు చూస్తున్న నా పాత మిత్రులకు కూడా.

నాకిచ్చిన అంశం యుద్ధకాలంలో సేవాసంస్థల పాత్ర. సెక్రటరీ గారు ఫోన్లో ఈ మాట చెప్పగానే నాకు నవ్వొచ్చింది. కడపకూ యుద్ధానికీ సంబంధమేమిటని కాదు. ఆ సంబంధం ఏమిటో రాజంపేట, రాయచోటి పక్క ఏ ఇంటి తలుపు తట్టినా చెప్తారు. నవ్వొచ్చింది 'పాత్ర' అనే మాటకు. పాత్ర అనగానే మనకు వేషం గుర్తొస్తుంది కదా. వేషం అనగానే మేకప్పు, ఫోటో, ఫ్లెక్సీ.

2025 మే 7 పొద్దున ఆపరేషన్ సిందూర్ వార్త వచ్చింది. నేను పళ్లు తోముకుని వచ్చేసరికి మన వాట్సాప్ గ్రూపులో చూడలేనన్ని మెసేజ్‌లు. టిఫిన్ అయ్యేలోపు ఫ్లెక్సీ డిజైన్ కూడా వచ్చేసింది. అందులో జవాను బొమ్మ చిన్నది, మన బొమ్మలు పెద్దవి. నేనెవరినీ తప్పు పట్టడం లేదండీ, రెండో వరుసలో నా బొమ్మ కూడా ఉంది. ఆ సాయంత్రం కోటిరెడ్డి సర్కిల్ నుంచి ఏడు రోడ్ల దాకా ర్యాలీ అన్నారు, వెళ్లాం. మర్నాడు ఒకాయన లేచి మనం మెగా రక్తదాన శిబిరం పెట్టాలి, ఒక్కరోజులో రికార్డు కొట్టాలి అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఈ రక్తం సంగతి అర్థమైతే నేను చెప్పబోయేది సగం అర్థమైనట్టే.

మనమిచ్చిన రక్తం సీసాలో పోసి అటక మీద పెట్టుకునే ఊరగాయ కాదు. మామూలుగా వాడే సంచిలో రక్తం 35 రోజులు నిలవుంటుంది. అందులోంచి వేరు చేసిన ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. ఇచ్చిన మగవాడు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి, ఆడవాళ్లయితే 120 రోజులు. ఇప్పుడు లెక్క మీరే వేసుకోండి. యుద్ధం మొదలైన మూడో రోజు ఊళ్లో ఉన్న దాతలందరినీ ఒకే హాల్లో పడుకోబెట్టి రక్తం తీశాం. నెలా ఐదు రోజులకు అది వాడకపోతే పారబోయాలి. అసలు అవసరం రెండో నెలలో వస్తే? ఇచ్చినవాళ్లెవరూ ఇంకా ఇవ్వడానికి లేరు. ఉత్సాహంతో ఊరి రక్తనిధిని మనమే ఖాళీ చేసినవాళ్లం అవుతాం. అమెరికాలో 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అచ్చం ఇదే జరిగింది. జనం వరసల్లో నిలబడి ఇచ్చారు, వాడుకోవడానికి గాయపడినవాళ్లు అంతమంది లేరు, చాలా సంచులు పారబోశారు.

మరేం చేయాలి? బ్లడ్ బ్యాంకు డాక్టరుగారిని అడగాలి. వారానికి ఎన్ని సంచులు, ఏ గ్రూపు? ఆ ప్రకారం ఈ వారం పది మంది, వచ్చే వారం ఇంకో పది మంది. పేరు, గ్రూపు, ఫోన్ నంబరు, చివరిసారి ఇచ్చిన తేదీతో ఒక పట్టీ. దానికి ఫోటో రాదు. పదిమందిని ఫోటో తీస్తే ఏదో పెళ్లిచూపులకు వచ్చినట్టుంటారు. కానీ పని జరిగేది అలాగే.

ఇప్పుడు 1990కి వెళ్దాం. అప్పుడు నేను రాజంపేటలో హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ని. మా క్లబ్బులో ఇరవై రెండు మంది సభ్యులం. మంగళవారం సాయంత్రం బడిలో ఒక గదిలో కలిసేవాళ్లం, మిక్చర్ పొట్లం, టీ, గంటన్నర మాటలు. ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగాయి. మన పక్క పల్లెల్లో అప్పటికే కువైట్ అనేది పరాయి దేశం కాదు. పక్క ఊరు లాంటిది. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇళ్లలో ఖద్దామాలుగా, అంటే పనిమనుషులుగా పోయేవాళ్లు. పిల్లలు జేజి దగ్గర పెరిగేవాళ్లు. ఆ రోజు నుంచి ఉత్తరం లేదు, ఫోన్ లేదు, డబ్బు లేదు. మా బడిలో ప్రతి క్లాసులోనూ నలుగురైదుగురు పిల్లలు ఏమీ రాయకుండా కూర్చునేవాళ్లు.

మేం చేసిన మొదటి పని తప్పు పని. దుప్పట్లు, పాత బట్టలు, మందుబిళ్లలు పోగేశాం. కువైట్‌లో ఉన్న మనవాళ్లకు పంపాలని. ఎవరి ద్వారా పంపాలో ఒక్కరూ ఆలోచించలేదు. విమానం లేదు, ఓడ లేదు. మూటలు మూడు నెలలు బడి గదిలో ఉన్నాయి. కార్తీకంలో వానలొచ్చాయి, ఎలుకలొచ్చాయి, తర్వాత పారేశాం. పారేసిన రోజు మీటింగుకు మాత్రం ఎవరూ రాలేదు.

పని నేర్పింది ఒక జేజి. పుల్లంపేట దగ్గర ఒక పల్లె ఆమెది. మనవడు నా ఏడో తరగతిలో ఉండేవాడు. ఒకరోజు బడి వదిలే వేళకు వరండాలో కూర్చుని ఉంది. చెంగు ముడి విప్పితే లోపల క్యాసెట్టు. అప్పట్లో కువైట్ నుంచి ఉత్తరాలకు బదులు మాటలు రికార్డు చేసి పంపేవాళ్లు, మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. "అయివారా, నా బిడ్డ జూలైలో పంపిచ్చింది ఇది. యాడుండేదీ దీంట్లో చెప్పుంటాదేమో ఇను సామీ" అంది. ఆమెకు అక్షరం రాదు. చెవికి కూడా వయసైపోయింది.

స్టాఫ్ రూములో టేప్ రికార్డరు పెట్టి విన్నాం. ఆ అమ్మాయి బర్రె ఈనిందా అని అడిగింది. కొడుకు పరీక్షల గురించి అడిగింది. వెనక ఎవరో ఆడమనిషి అరబ్బీలో కేక వేసింది, అమ్మాయి గొంతు తగ్గించింది. తర్వాత ఒక్క మాట. శుక్రవారం సాల్మియా బజారుకు పోయినాం అని. సాల్మియా అంటే కువైట్‌లో ఒక పేట. నేను క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఒక నోటు పుస్తకం తీసి అమ్మాయి పేరు, ఊరు, తల్లి పేరు ఇంకుతో రాసి, పక్కన సాల్మియా అని పెన్సిల్‌తో రాశాను. ఖాయం కాదు కదా, అందుకని పెన్సిల్.

అలా మొదలైంది. మర్నాటి నుంచి వరండాలో జనం. కొందరు క్యాసెట్లు, కొందరు పాత కవర్లు తెచ్చారు. కవరు వెనక పోస్ట్ బాక్స్ నంబరు, సఫాత్, కువైట్ అని ఉండేది. కొందరి దగ్గర కఫీలు పేరు, అంటే పనిలో పెట్టుకున్న యజమాని పేరు, ఒక సిగరెట్ పెట్టె అట్ట మీద రాసి ఉండేది. పాస్‌పోర్టు నంబరు ఎక్కడో ట్రంకు పెట్టెలో దొరికేది. మేం ఒకటే ప్రశ్నల వరస పెట్టుకున్నాం: పేరు, పాస్‌పోర్టు, కఫీలు, పేట పేరు, చివరి కబురు ఏ తేదీన వచ్చింది. నోటు పుస్తకం పద్నాలుగు పేజీలు నిండింది. దాన్ని ఇంగ్లీషులో టైపు చేయించి ఢిల్లీకి, విదేశాంగ శాఖకు పంపాం. ఆ కాగితం వల్ల ఎవరైనా బయటపడ్డారా అంటే నేను చెప్పలేను. కానీ జేజికి ఒక సంగతి తెలిసింది, తన బిడ్డ పేరు ఒకచోట రాసి ఉంది అని. ఆ తర్వాత ఆమె వారానికోసారి వచ్చి ఆ పేజీ చూపించమని అడిగేది. చూసి, వేలితో తడిమి, పోయేది.

మన ప్రభుత్వం అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిరిండియా విమానాలు వేసింది. 59 రోజుల్లో 488 విమానాలు, లక్షకు పైగా మంది. బొంబాయి నుంచి మద్రాసు పోయే రైళ్లు గుంతకల్లు, ఎర్రగుంట్ల, కడప మీదుగానే కదా మాకు వచ్చేది. స్టేషన్లో వంతులు వేసుకున్నాం. మొదటి రోజు పూలదండలు పట్టుకుని, ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని పోయాం. రైలు దిగిన ఒకామె మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వీసాకు చేసిన అప్పు అట్నే ఉండాది. దండెందుకు సార్ నాకు?" అంది. అప్పుడు అటు చూస్తే, ప్లాట్‌ఫారం మీద మాకంటే ముందొచ్చి నిలబడ్డ మనిషి కనిపించాడు. అప్పిచ్చినాయన.

రెండో రోజు నుంచి దండలు లేవు. మజ్జిగ, అరటిపళ్లు, పల్లెకు పోయే బస్సు వేళలు రాసిన కాగితం, అంతే. ముఖ్యమైన పని మాత్రం మా క్లబ్బులో లాయరుగారు చేశారు. అప్పులిచ్చినవాళ్లను ఒక్కొక్కరినే ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి, ఆరు నెలలు వడ్డీ అడగొద్దని ఒప్పించారు. అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్లు కూడా సంతోషంగా ఒప్పుకోలేదు. ఆ కాఫీలు మా క్లబ్బు చరిత్రలో అన్నిటికంటే మంచి ఖర్చు అని నేనంటాను. పద్దులో మాత్రం "ఇతర ఖర్చులు" అని రాశాం.

యుద్ధం 1991 ఫిబ్రవరి చివరికి ఆగిపోయింది. పేపర్లు వేరే వార్తల్లో పడ్డాయి. మా క్లబ్బు కూడా. అసలు పని అప్పుడొచ్చింది.

ఐక్యరాజ్యసమితి జెనీవాలో ఒక నష్టపరిహార కమిషన్ పెట్టింది. 1990 ఆగస్టు 2 నుంచి 1991 మార్చి 2 లోపల కువైట్ విడిచి రావలసి వచ్చినవాళ్లకు ఒక స్థిరమైన మొత్తం ఇస్తారు. మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. ఇంకే రకం క్లెయిమూ పెట్టనని రాసిస్తే 4,000, 8,000. ఎవరికి వాళ్లు పంపుకునేది కాదు, ప్రభుత్వం ద్వారా పంపాలి. పల్లెలో ఉన్న మనిషికి ఆ డబ్బు వీసా అప్పంతా తీర్చి ఇంకా మిగిలేంత. కానీ ఫారం ఇంగ్లీషు. నిరూపించుకోవాలి, నేను అక్కడున్నాను, ఈ తేదీన వచ్చాను అని. అకామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చిన అనుమతి కాగితం, కఫీలు దగ్గరే ఉండిపోయింది. బతాకా, అంటే గుర్తింపు కార్డు, దారిలో పోయింది. కొందరి పాస్‌పోర్టులో ఒక ముద్ర, కొందరి దగ్గర విమానం టికెట్ ముక్క.

అంతలో ఏజెంట్లు దిగారు. ఫారానికి ఇంత, వచ్చినదాంట్లో ఇంత వాటా అని. మేం బడి వరండాలో ఒక టేబుల్, మూడు కుర్చీలు వేశాం. కార్బన్ పేపర్లు, స్టాంప్ ప్యాడ్. ఆదివారం పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా. ఇరవై రెండు మందిలో మిగిలింది ఐదుగురం. నేను, లాయరుగారు, ఒక కాంపౌండరు, ఒక టైలరు, కిరాణా కొట్టాయన. ఈ కిరాణా ఆయన మీటింగుల్లో ఎన్నేళ్లుగానో ఒక్క మాట మాట్లాడినవాడు కాదు. ఎందుకున్నాడో కూడా మాకు తెలియదు. ఉద్దెర ఖాతాలు రాసే అలవాటు కదా, ప్రతి ఫారం కార్బన్ కాపీకి నంబరు వేసి, ఊరి వారీగా దారం కట్టి పెట్టాడు. రెండేళ్ల తర్వాత ఒకామె వచ్చి నా ఫారం ఏమైందో అంటే ఒక్క నిమిషంలో తీసిచ్చాడు. పరిహారం విడతలు విడతలుగా ఏళ్ల తరబడి వచ్చింది. అన్నేళ్లూ ఆ దారం కట్టలు ఆయన కొట్లో బెల్లం బస్తాల పక్కనే ఉండేవి. మంచి ఉపన్యాసకుణ్ని సభ్యుడిగా చేర్చుకోవడం కన్నా ఇలాంటివాణ్ని ఒకణ్ని పట్టుకోండి అని కొత్త అధ్యక్షులకు నా మనవి.

ఈ అనుభవం మా ఒక్కళ్లదే అనుకునేవాణ్ని. తర్వాత చదివితే ఎప్పటిదో అని తెలిసింది. 1859 జూన్ 24న ఉత్తర ఇటలీలో సోల్ఫెరీనో దగ్గర పెద్ద యుద్ధం. గాయపడ్డ సిపాయిలను పక్కనే కాస్టిల్యోనే అనే చిన్న ఊరికి తెచ్చి పడేశారు. చర్చిల్లో, వీధుల్లో వేల మంది. స్విట్జర్లాండ్ నుంచి వ్యాపారం పని మీద వచ్చిన హెన్రీ డ్యూనాంట్ ఆ ఊరి ఆడవాళ్లను కూడగట్టాడు. పిల్లల చేత బావి నీళ్లు బకెట్లతో మోయించాడు. శత్రుసైనికుడా మిత్రుడా అని చూడొద్దు, అందరూ అన్నదమ్ములే అన్నారు ఆ తల్లులు. కానీ ఆయన తర్వాత ప్రపంచాన్ని అడిగింది కరుణ చూపమని కాదు. ఈ ముందువెనకలు లేని తొందర పనికిరాదు, ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే మనుషులను కూర్చి, నేర్పి, సిద్ధంగా ఉంచే సంఘాలు కావాలి అన్నాడు. రెడ్ క్రాస్ అలా పుట్టింది. మన మంగళవారం మిక్చర్ మీటింగును ఎవరైనా వెక్కిరిస్తే నాకు ఆ మాట గుర్తొస్తుంది.

వారం వారం కలవడం గురించి ఇంకొకటి. రెండో ప్రపంచయుద్ధం ముంగిట జపాన్‌లో రోటరీ క్లబ్బుల మీద అనుమానం పడింది, విదేశీ సంస్థ అని. 1940లో అంతర్జాతీయ సంస్థ నుంచి తప్పుకున్నారు. పేరు తీసేశారు. కానీ చాలాచోట్ల సభ్యులు కలవడం మానలేదు. ఏ రోజు కలిస్తే ఆ రోజు పేరు పెట్టుకున్నారు. బుధవారం కలిసేవాళ్లది బుధవారం క్లబ్బు. బోర్డు పోయింది, బుధవారం పోలేదు. 1949లో మళ్లీ వెనక్కి వచ్చినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేకపోయింది.

ఇది విని చప్పట్లు కొట్టేముందు జర్మనీ సంగతి కూడా వినండి. అక్కడా క్లబ్బులు నిలబడాలనే చూశాయి. 1933లో నాజీలు వచ్చాక తమను బతకనివ్వాలని యూదు సభ్యులను, ప్రభుత్వానికి గిట్టనివాళ్లను పేర్లు కొట్టేయడం మొదలుపెట్టాయి. మ్యూనిక్ క్లబ్బు అయితే నోబెల్ వచ్చిన రచయిత థామస్ మాన్‌నే తీసేసింది. అన్ని పేర్లు కొట్టేసినా 1937కల్లా మూతపడక తప్పలేదు. నాలుగేళ్లు బతకడానికి వాళ్లు ఇచ్చిన ధర అది. ఆ నాలుగేళ్లలో ఆ క్లబ్బులు ఎవరికి పనికొచ్చాయి?

ఇది ఎందుకు చెప్తున్నానంటే మనది కడప. ఉగాదినాడు దేవుని కడప గుళ్లో ముస్లింలు బెల్లం, వేపపువ్వు పట్టుకుని వరసలో నిలబడే ఊరు. పెద్ద దర్గా ఉరుసుకు ఎవరు పోరు చెప్పండి? సరిహద్దులో తుపాకి పేలగానే వాట్సాప్‌లో ఒక రకం మెసేజ్‌లు మొదలవుతాయి. 2025 మేలో మన గ్రూపులో కూడా ఒకటి వచ్చింది. ఎవరు పెట్టారో చెప్పను. ఆ రోజు మన సభ్యులిద్దరు గ్రూపు నుంచి మాట్లాడకుండా బయటికి పోయారు. ఒకాయన మనకు పద్దెనిమిదేళ్లుగా కంటి శిబిరాలకు కుర్చీలు, షామియానా ఊరికే ఇస్తున్నవాడు. నేను ఆయన ఇంటికి పోయాను. టీ ఇచ్చారు, బాగానే మాట్లాడారు, గ్రూపు మాట మాత్రం ఎత్తలేదు. మళ్లీ చేరడానికి నాలుగు నెలలు పట్టింది. యుద్ధంలో క్లబ్బు చేసే మొట్టమొదటి పని ఏమిటని అడిగితే, అడ్మిన్ ఆ మెసేజ్‌ను పది నిమిషాల్లో తీసేయడం అంటాను నేను. మీకు చిన్నదిగా కనిపించొచ్చు.

మిగతావి త్వరగా చెప్తాను, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

డబ్బు పోగేస్తే మన ఖాతాలో దాచిపెట్టుకోవద్దు, జాతీయ రక్షణ నిధికో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం చెప్పినచోటికో చేర్చి రసీదు నోటీసు బోర్డులో అంటించండి. ఫోన్లో వచ్చే క్యూఆర్ కోడ్‌లకు పంపకండి. సైన్యానికి విరాళం అని 2025 ఏప్రిల్‌లో ఒక తప్పుడు ఖాతా మెసేజ్ తిరిగింది, రక్షణ శాఖే ఖండించాల్సి వచ్చింది. మోసపోయినవాళ్లు మీ దగ్గరికి వస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయించండి. ముందు చేయించి, తర్వాత తిట్టండి.

జవాన్ల ఇళ్ల మాట. 2025 మేలో సరిహద్దులో మన రాయలసీమ బిడ్డ, గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన మురళీ నాయక్ ప్రాణమిచ్చాడు. తండాకు రాష్ట్రమంతా కదిలి వచ్చింది. రావాల్సిందే. నేను అడిగేది బతికున్న జవాన్ల గురించి. మన జిల్లాలో ఎన్ని ఇళ్ల నుంచి సైన్యంలో ఉన్నారో మనలో ఎవరికైనా తెలుసా? వాళ్ల అమ్మానాన్నలకు బ్యాంకు పుస్తకంలో నామినీ పేరు సరిగా ఉందా, ఆధార్‌లో ఒక పేరు, సర్వీసు కాగితంలో ఒక పేరు ఉందా? ఇంటిపేరులో ఒక అక్షరం తేడా వస్తే ఆ తండ్రి ఎన్ని ఆఫీసులు తిరగాలో నేను చూశాను. ఆ అక్షరం యుద్ధం లేనప్పుడే దిద్దించొచ్చు. నెలకు రెండు ఇళ్లు. ఒక లాయరు, ఒక బ్యాంకు మనిషి, ఒక స్కూటరు చాలు.

కువైట్ ఇళ్లకూ అంతే. ఇప్పుడు క్యాసెట్లు లేవు, వీడియో కాల్ ఉంది. కానీ ఇంట్లో వాళ్లను అడిగి చూడండి, మీ అబ్బాయి పాస్‌పోర్టు జిరాక్సు ఉందా అని. ఫోన్లో ఉందంటారు. ఆ ఫోను ఎవరి దగ్గర ఉంది? కువైట్‌లో.

సెక్రటరీ గారూ, ఒక్కసారి ఇలా రండి. ఇది ఆ నోటు పుస్తకం. అట్ట పోయింది, నేను వేరే అట్ట వేశాను. మొదటి పేజీలో మొదటి పేరు ఆ జేజి కూతురిది. అక్టోబరులో అమ్మాన్ శిబిరంలో ఇచ్చిన దుప్పటి ఒకటి భుజాన వేసుకుని రాత్రి రైలుకు దిగింది. అడిగితే, సాల్మియాలో కాదు సార్ నేనుండింది, బజారుకు ఒక్కరోజు పోయినాం అంతే, నేనుండింది హవల్లీలో అంది. పెన్సిల్‌తో ఉన్న సాల్మియా పక్కనే ఇంకుతో హవల్లీ అని రాశాను. రెండూ ఉన్నాయి చూడండి. చెరపకండి. వెనక ఇంకా ఇరవై పేజీలు ఖాళీగా ఉన్నాయి, వాడుకోండి.